మూడు కాజాలు, యథాతథ స్థితి

మా వారిని ఆయన ఆఫీసువాళ్లు గోదాముగా పరిగణిస్తున్నారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఆయన్ని వాళ్లు రకరకాలుగా పరిగణించారు. గుమాస్తాగా, సీనియర్ గుమాస్తాగా, తుఫాను వచ్చినప్పుడు కంట్రోలు రూములో టెలిఫోను ఎత్తే మనిషిగా, పెద్దాఫీసర్లకి ద్రాక్షారామం చూడాలనిపించినప్పుడు దారి చూపే మనిషిగా. గోదాముగా మాత్రం ఇదే మొదలు.

ఆయన పేరు సత్యలింగం. కాకినాడలో గోదాముల పర్యవేక్షణ మండలిలో పనిచేస్తారు. ఆ మండలి గోదాముల్లోకి బస్తాలు తేదు, గోదాముల్లోంచి బస్తాలు తియ్యదు. ఉన్న బస్తాలు ఉన్నట్టు ఉన్నాయని రాస్తుంది. లేని రోజున లేవని రాసి, తలుపుకి లక్క సీలు వేస్తుంది. ఇంత నిదానమైన ఉద్యోగంలో మనిషికి షుగరు ఎందుకు వస్తుందని అడక్కండి. వచ్చింది. పరగడుపున రెండు వందల అరవై రెండు.

డాక్టరు హైమావతిగారు ఆ కాగితం చూసి మా వారిని వదిలేసి నన్ను చూశారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. మా బావగారికి ఇదే జబ్బు ముదిరి రెండు కాలివేళ్లు తీసేశారు. అప్పటినుంచీ ఆయన ఎడమ చెప్పులో గుడ్డ కుక్కుకుని నడుస్తున్నారు. నేను ఇంటికొచ్చి వంటింట్లో సన్నబియ్యం డబ్బా ఉన్న చోట కొర్రల డబ్బా పెట్టాను. కాకరకాయ, మెంతికూర, జొన్నరొట్టె, సాయంత్రం పార్కు దాకా నడక. మా వారు మొదటి వారం కొర్రన్నం వైపు దిగులుగా చూశారు. రెండో వారం అలవాటు పడ్డారు. ఆయన దేనికైనా అలవాటు పడతారు. మండలివాళ్లు ఆయన్ని అందుకే ఉంచుకున్నారు.

సరిగ్గా అప్పుడే, ఉగాదినాడు, మండలికి ఉద్యోగుల ఆరోగ్యం గుర్తొచ్చింది. "సన్మార్గాహార పథకం" అని ఒక సర్క్యులరు వచ్చింది. చేరినవాళ్లు నూరు రోజులు దారి తప్పకుండా తింటే సన్మానం. దీన్ని అమలు చెయ్యడానికి సూపరింటెండెంటు జోగారావుగారికి నియమావళి రాసే పని అప్పగించారు.

జోగారావుగారు మంచి పనివాడు. ఆయన జన్మలో కొత్త నియమావళి రాయలేదు, రాసి ఉన్నదాన్ని వాడుకున్నారు. బీరువాలోంచి గోదాముల నిర్వహణ నియమావళి తీసి, "గోదాము" అని ఉన్న ప్రతిచోటా "ఉద్యోగి" అని మార్పించి, ఒక మధ్యాహ్నంలో ముగించేశారు. మా వారు ఆ పుస్తకం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను బి.ఏ. చదివింది ఇలాంటివి చదవడానికేనేమో అని తెరిచాను.

"తొమ్మిదవ నియమము: ఉద్యోగి చుట్టూ పది అడుగుల మేర నీరు నిలువకుండ చూడవలెను. పన్నెండవ నియమము: ఉద్యోగిలోనికి ఎలుకలు ప్రవేశించు మార్గములను గుర్తించి మూసివేయవలెను. పదునాలుగవ నియమము: ఉద్యోగిని ఏటా ఒక్కసారైన వెల్ల వేయించవలెను."

"ఏమండీ, మీకు వెల్ల ఎప్పుడు వేయిస్తారట?" అన్నాను.

"నవ్వకు," అన్నారాయన. "అందులో సంతకం పెట్టి వచ్చాను."

నవ్వి నవ్వి, పద్దెనిమిదో నియమం దగ్గర పుస్తకం మూసేశాను. ఇరవై ఒకటో నియమం దాకా వెళ్లి ఉంటే నవ్వు అక్కడే ఆగిపోయేది.

నూరో రోజు ఆషాఢంలో వచ్చింది. పథకంలో చేరిన అరవైమందిలో నూరు రోజులూ నిలబడింది మా వారొక్కరే. ఆ వారం పరగడుపు షుగరు నూట పద్దెనిమిది. హైమావతిగారు ఆ కాగితం మీద ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టి "భేష్" అని రాశారు. దాన్ని నేను దేవుడి గూట్లో పెట్టాను.

సన్మానానికి హెడ్డాఫీసు నుంచి డైరెక్టరుగారు వచ్చారు. నాకు ఆ రోజు పళ్ల డాక్టరు దగ్గర పని ఉండి వెళ్లలేదు. మా వారు సాయంత్రం శాలువాతో ఇల్లు చేరారు. శాలువా మీద బొటనవేలంత మరక. ముట్టుకుంటే జిగురు.

"ఇదేమిటండీ?"

"కాజా పాకం."

మా ఊళ్లో సన్మానం అంటే శాలువా, దండ, కాజా. పైకి గట్టిగా, లోపల గొట్టం నిండా పాకంతో ఉండే కాకినాడ కాజాని వేదిక మీద పెద్దాయన తన చేత్తో సన్మానితుడి నోట్లో పెట్టాలి. పెట్టకపోతే ఫోటో పూర్తి కాదు. తిండి అదుపులో పెట్టుకున్నందుకు సన్మానం కదా, కాజా ఎందుకని ఆ ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. తట్టినా ఫైలు పెట్టలేదు.

"తినకూడదని తెలుసు కదా."

"నేను తినలేదు. ఆయన పెట్టారు."

"ఎన్ని?"

"మూడు. మొదటిసారి ఫ్లాష్ వెలగలేదు. రెండోసారి డైరెక్టరుగారి కళ్లు మూసుకుపోయాయట."

"మీవో?"

"నావి మొదటి కాజా నుంచీ మూసుకునే ఉన్నాయి."

తర్వాత పులిహోర, బంగాళాదుంప వేపుడుతో భోజనాలు కూడా అయ్యాయట. నేను గొడవ చెయ్యలేదు. హైమావతిగారు ముందే చెప్పారు: "ఎప్పుడో ఒక పూట తప్పుతుందమ్మా. కంగారు పడకండి. మర్నాటి పూటకి మామూలు తిండికి వచ్చేస్తే శరీరం దాన్ని మర్చిపోతుంది." ఆ రాత్రి కొర్రలు నానబెట్టాను.

శరీరం మర్చిపోయేదే. మండలి మర్చిపోలేదు. పొద్దున్న పేపర్లో ఆ ఫోటో పడింది. పదిన్నరకి మెమో వచ్చింది.

"విషయము: తాము నూరవ దినమున, బహిరంగ వేదికపై, శాలువా ధరించి ఉండగా, మూడు కాజాలను లోనికి అనుమతించినట్లు పత్రికా ఛాయాచిత్రము వలన తెలియవచ్చినది. ఇట్టి తప్పటడుగునకు మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

మా వారు సంజాయిషీ మూడుసార్లు రాసి చింపారు. డైరెక్టరుగారు పెట్టారని రాస్తే డైరెక్టరుగారి మీద ఫిర్యాదు అవుతుంది. తనంతట తాను తిన్నానని రాస్తే అబద్ధం అవుతుంది. చివరికి ఒక్క వాక్యం రాశారు: "ఆ సమయమున నోరు తెరిచి ఉండుట వలన."

సంజాయిషీ ఇచ్చి తిరిగొచ్చేసరికి మా ఇంటికి ఫీల్డు ఇన్‌స్పెక్టరు సుభద్రమ్మగారు వచ్చి ఉన్నారు. యాభై ఎనిమిదేళ్లావిడ. చేతిలో రిజిస్టరు, భుజాన సంచీ, సంచీలో కొవ్వొత్తి, లక్క, ఇత్తడి ముద్ర. గోదాములకి సీలు వెయ్యడంలో ఆవిడంత చెయ్యి తిరిగినవాళ్లు జిల్లాలో లేరట.

"కొర్రల డబ్బా ఎక్కడుంది ఇందుమతిగారూ?" అన్నారు.

చూపించాను. ఆవిడ మూత చుట్టూ పురికొస కట్టి, కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి ముద్ర వేశారు. తర్వాత ఇరవై ఒకటో నియమం చదివి వినిపించారు.

"ఉద్యోగియందు లోపము కనుగొనబడిన ఎడల, తుది ఉత్తర్వులు వెలువడు వరకు, లోపము కనుగొనబడిన నాటి స్థితి యథాతథముగా కొనసాగింపవలెను. ఉద్యోగిలోనికి వేరు సరుకు చేర్చుట నిషిద్ధము."

గోదాముకైతే అది తెలివైన నియమమే. బస్తాలు తగ్గాయని తేలిన చోట, తేల్చేలోపు దొంగే తెచ్చి నింపెయ్యకుండా ఎక్కడివక్కడ ఆపాలి. మా వారి విషయంలో దాని అర్థం వేరు. ఆ రోజు ఏం తిన్నారో, ఉత్తర్వు వచ్చేదాకా రోజూ అదే తినాలి. పులిహోర, బంగాళాదుంప వేపుడు, మూడు కాజాలు. కాజాలు పదకొండు నలభైకి, ఎందుకంటే ఫోటోలో వెనక గోడ మీద గడియారం పదకొండు నలభై చూపిస్తోంది.

"తినకపోతే?" అన్నాను.

"విచారణకి అడ్డుపడినట్టమ్మా. సస్పెన్షను." ఆవిడ లక్క మీద ఉఫ్‌మని ఊదారు. "ఆయనకి ఇంకా పద్నాలుగు నెలలే ఉందట కదా సర్వీసు. నేనైతే తినేద్దును. అంటే, నాకూ షుగరే అనుకోండి."

మర్నాటి నుంచీ మొదలైంది. కాజాలు కాంటీను నుంచి సీలేసిన పొట్లంలో వచ్చేవి. ఆఫీసుంటే ఆఫీసులో, ఆదివారం మా ఇంట్లో. మొదటి ఆదివారం సుభద్రమ్మగారు రిజిస్టరు తెరిచి, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు.

"పాకం లేత," అన్నారు. "సరుకు ప్రమాణం చూడాలి కదా. మా డ్యూటీ."

ఆవిడకి మజ్జిగ ఇచ్చి మెల్లిగా అన్నాను, "మీరు కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంటే..."

"తిరిగాను," అని ఆవిడ వెంటనే తిరిగారు. దయగల మనిషి. నేను పళ్లెం పెరట్లోకి తీసుకుపోబోయాను. మా వారు చెయ్యి పట్టుకున్నారు.

"రిజిస్టరులో తిన్నానని సంతకం పెట్టాలి ఇందూ. తినకుండా పెడితే అబద్ధం."

"తింటే జబ్బు."

"జబ్బు నాది. రిజిస్టరు మండలిది."

అని మూడూ తిన్నారు. పాకం కారకుండా, పళ్లెం మీదికి వంగి, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు తిన్నారు. ఇలాంటి మనిషిని కాపాడాలంటే ఆయన్ని మార్చి లాభం లేదు, నియమాన్నే పట్టుకోవాలని అప్పుడే అనిపించింది. ముందు మర్యాదగా అడిగి చూద్దామని మండలి ఆఫీసుకి వెళ్లాను.

జోగారావుగారి గది తలుపు మీద కొత్త బోర్డు. "తప్పటడుగుల విభాగము." లోపల ఆరు బల్లలు, పదకొండు కుర్చీలు, వాటిలో పదకొండుమంది. అందరూ మా వారి ఫైలే చూస్తున్నారు. అప్పటికింకా వేరే ఫైలు లేదు.

"ఆయన మళ్లీ దారిలో పడి సక్రమంగా తింటానంటున్నారండీ. అడ్డేమిటి?" అన్నాను.

"తింటాననడమే అడ్డు, అమ్మా." జోగారావుగారు మామూలుగా మాట్లాడినా వరస సంఖ్య వేసినట్టుంటుంది. "ఉత్తర్వు లేకుండా సన్మార్గమునకు మరలినచో, తాను దారి తప్పనే లేదని ఉద్యోగి తనకు తానే తీర్పు చెప్పుకున్నట్లగును. రేపు ప్రతివాడూ పొద్దున బజ్జీ తిని, సాయంత్రం కాకరకాయ తిని, ఏమీ ఎరగనట్టు కూర్చుంటే, లోపాన్ని మేం ఎక్కడ పట్టుకోగలం?"

"పట్టుకోకపోతే ఏమవుతుందండీ?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఈ విభాగానికి నేను అధిపతిని, అమ్మా," అన్నారు.

"మా వారు గోదాము కాదు కదండీ."

ఆయన నియమావళి తెరిచారు. "రెండవ నియమము. ఉద్యోగి అనగా, సరుకు నిలువ చేయుటకు అనువై, పైకప్పు కలిగి, మండలి అధీనమున ఉన్న ఏదేని నిర్మాణము." నా వైపు తిప్పి చూపించారు. "సత్యలింగంగారికి పైకప్పు కొంత పలచబడిన మాట నిజం. దాన్ని మేం పరిగణనలోకి తీసుకోవడం లేదు."

పునఃప్రవేశానికి అర్జీ ఉందన్నారు. నాలుగు పుటలు. దానికి లోపపరిమాణ ధ్రువపత్రం జతచెయ్యాలి, అంటే కాజాల వల్ల నష్టం జరిగిందని రక్తపరీక్ష. పదో రోజు చేయించాను. నూట యాభై ఒకటి.

"చాలదు," అన్నారు జోగారావుగారు. "రెండు వందలు దాటిననే లోపము. లోపం లేనివాడికి పునఃప్రవేశం దేనికి?"

"లోపం లేకపోతే వదిలెయ్యండి మరి."

"లేదని ఎవరన్నారు? మెమో జారీ అయి ఉంది. లోపం ఉంది, రుజువు కాలేదు. రుజువయ్యేదాకా తినాలి."

ఈలోగా పథకం బాగా పుంజుకుంది. విభాగంలో పదకొండుమందికీ పని ఉండాలి కనుక వాళ్లు కాంటీను దగ్గర నిలబడ్డారు. టీ పూట ఒక మిరపకాయ బజ్జీ తిన్న గుమాస్తాకి రోజూ నాలుగింటికి బజ్జీ పడింది. కొడుకు పుట్టాడని లడ్డూలు పంచినాయన చేత రోజూ లడ్డూలు పంచిస్తున్నారు, పుచ్చుకున్నవాళ్లు రోజూ పుచ్చుకుంటున్నారు. శనివారం ఉపవాసం ఉన్న టైపిస్టు కామేశ్వరిని "సరుకు శూన్యము" కింద నమోదు చేశారు. యథాతథంగా శూన్యంలో కొనసాగలేక మూడో రోజున ఆ అమ్మాయి సెలవు చీటీ పంపింది. నెలాఖరుకి తప్పటడుగులు ఒకటి నుంచి నలభై మూడుకి పెరిగాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత ప్రగతి ఇంకే జిల్లాలోనూ లేదని హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

ముప్ఫై ఒకటో రోజు మా వారు పరీక్ష కాగితం పట్టుకుని దాదాపు ఉత్సాహంగా ఇంటికొచ్చారు. "వచ్చేసిందోయ్. రెండు వందల ఏడు."

ఒక మనిషి తన రక్తంలో చక్కెర పెరిగిందని సంతోషించడం నేను అప్పుడే చూశాను. మళ్లీ వెళ్లాం. జోగారావుగారు కాగితం వెలుతురుకి పెట్టి చూశారు.

"లోపం రుజువైనది. అభినందనలు. అయితే సన్మార్గాహార పథకంలో పునఃప్రవేశానికి షుగరు నూట నలభై లోపు ఉండవలెను."

"నూట నలభైకి దిగాలంటే కాజాలు మానాలి," అన్నాను.

"మానాలంటే ఉత్తర్వు కావాలి."

"ఉత్తర్వు కావాలంటే నూట నలభై లోపు ఉండాలి."

"తమరు విషయాన్ని చక్కగా గ్రహించారు," అన్నారాయన. నిజంగానే సంతోషించారు. మా వారు కూడా తల ఊపారు. అలవాటు.

ఆ వారమే ఒకనాడు ఆయన వీధిగుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. కాసేపయ్యాక చూస్తే కుడికాలి చెప్పు కాలికే ఉంది. విప్పాననే అనుకున్నారట. ఉన్నదీ లేనిదీ పాదానికి తెలియలేదు. ఆయన నవ్వేశారు. నేను నవ్వలేదు. మా బావగారికి కూడా చెప్పు దగ్గరే మొదలైంది.

ఆ మధ్యాహ్నం నాలుగు పుటల అర్జీ ముందేసుకుని మొదటినుంచీ చదివాను. ఆఖరి పుట "కుటుంబ వాంగ్మూలము." ఉద్యోగి భార్య గాని, భర్త గాని నింపాలి. మా వారు పదిహేడో గడిలో "లేరు" అని రాసేసి, నా సంతకం కోసం పెట్టారు. పదిహేడో గడి ఏమిటంటే, "తప్పటడుగునకు ప్రేరేపించిన వ్యక్తి పేరు, హోదా, ప్రేరేపించిన విధము." గోదాముల్లో అయితే అక్కడ దొంగ పేరు రాస్తారు కాబోలు.

నేను కొత్త కాగితం తెచ్చుకుని నింపాను. పేరు: డైరెక్టరుగారిది. హోదా: డైరెక్టరు. విధము: "స్వహస్తములతో, మూడు పర్యాయములు." రుజువు గడిలో పేపరు కత్తిరింపు అంటించి, డైరెక్టరుగారి వేళ్లకీ మా వారి పెదాలకీ మధ్య బాణం గుర్తు వేశాను. నియమావళి ప్రకారం ప్రేరేపించినవారికీ లోపం వర్తిస్తుంది, ఆయన కూడా ఆనాటి స్థితిని యథాతథంగా కొనసాగించాలి కనుక, రోజూ పదకొండు నలభైకి డైరెక్టరుగారు మా ఇంటికి వచ్చి మా వారికి కాజాలు తినిపించేలా ఏర్పాటు చెయ్యగలరని వినయంగా మనవి చేసుకున్నాను. రిజిస్టరు పోస్టులో హెడ్డాఫీసుకి పంపాను. మా వారికి చెప్పలేదు. ఆయన అబద్ధం ఆడలేరు, అందుకని తెలియకుండా ఉంచడమే మర్యాద.

నలభై రోజుల్లో కదలని ఫైలు ఒక్క రోజులో కదిలింది. ఉత్తర్వు ఇలా ఉంది:

"కాజాయందు గోధుమ, చెరకు అను వృక్షజాతి పదార్థములు తప్ప అన్యము లేనందున, అది ఆకారమున అరటిపండును పోలియున్నందున, కొరికిన రసము వెలువడుచున్నందున, ఇకమీదట కాజా ఫలముగా పరిగణింపబడును. ఈ ఉత్తర్వు ఉగాది నుంచి అమలులో ఉన్నట్లు భావించవలెను."

కనుక మా వారు తిన్నవి మూడు పళ్లు. ఆయన దారి తప్పనే లేదు. డైరెక్టరుగారు తప్పించనే లేదు. సుభద్రమ్మగారు వచ్చి కొర్రల డబ్బా సీలు తీసేశారు. నేను ఊపిరి పీల్చుకోబోయాను.

"రెండో పేరా కూడా ఉందమ్మా," అన్నారావిడ.

రెండో పేరా ప్రకారం, పథకంలో ఉన్న ప్రతి ఉద్యోగీ రోజుకి మూడు ఫలములు ఇన్‌స్పెక్టరు ఎదుట స్వీకరించవలెను. కాంటీనులో నిలవ ఉన్న ఫలము కాజా ఒక్కటే. మా వారు మధ్యలో ఆగకుండా నూట ముప్ఫై తొమ్మిది రోజులు సన్మార్గంలో ఉన్నట్టు తేలింది కనుక, గురువారం డైరెక్టరుగారే వచ్చి మళ్లీ సన్మానం చేసి, ఈ ఫలకార్యక్రమాన్ని ప్రారంభిస్తారు.

మా వారు కుర్చీలో కూలబడ్డారు. "ఇన్నాళ్లూ తప్పు చేశానని తిన్నాను. ఇక ఒప్పు చేశానని తినాలి," అన్నారు.

నేను ఇరవై ఒకటో నియమం మళ్లీ చదివాను. ఈసారి కామేశ్వరిని తలుచుకుంటూ చదివాను. చదివాక, రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"గురువారం వేదిక మీద ఆయన కాజా పెట్టబోతే మీరు నోరు తెరవకండి."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "డైరెక్టరుగారిని తిరస్కరించడమా? నలుగురిలో?"

"తిరస్కరించమనలేదు. నోరు మూసుకోమన్నాను. ముప్ఫై మూడేళ్లుగా మీకు అలవాటే కదా."

"మెమో ఇస్తారు."

"ఇవ్వనివ్వండి. అదే కావాలి."

"ఏమవుతుందో నాకు చెప్పవా?"

"చెప్తే మీ మొహంలో కనిపించేస్తుంది."

ఆయన వంగి కుడిపాదం గిల్లి చూసుకున్నారు. నేను చూడలేదనుకున్నారు.

గురువారం పొద్దున్నే సుభద్రమ్మగారికి కబురు పెట్టి పిలిపించాను. మా వారు కొర్రన్నం, కాకరకాయ వేపుడు, మెంతికూర పప్పు, మజ్జిగ ముందు కూర్చున్నారు.

"ఇవాళ ఏం తిన్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి. సాయంత్రం నడక కూడా ఉందని రాయండి," అన్నాను.

"ఇవాళ్టిది ప్రత్యేకంగా ఎందుకమ్మా?" అంటూనే ఆవిడ నా మొహంలోకి చూశారు. ఆవిడా నియమావళి చదివిన మనిషే. చత్వారం అద్దాలు పెట్టుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, కింద తేదీ, వేళ వేసి, ముద్ర కూడా గుద్దారు.

సభలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు, "సహకార గృహిణి" అని బ్యాడ్జీ పెట్టి. డైరెక్టరుగారు మాట్లాడారు. తప్పటడుగు అనేది దృష్టిదోషమని, చూసే కళ్లుంటే కాజాలో పండు కనిపిస్తుందని సెలవిచ్చారు. శాలువా కప్పారు. దండ వేశారు. సరిగ్గా పదకొండు నలభైకి జోగారావుగారు వెండిపళ్లెంలో కాజా అందించారు. డైరెక్టరుగారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, మొహం ఫోటోగ్రాఫరు వైపు తిప్పి, చెయ్యి మా వారి నోటి వైపు చాచారు.

మా వారి పెదాలు కదిలాయి. ముప్ఫై మూడేళ్ల అలవాటు, చెయ్యి కనిపిస్తే చాలు నోరు దానంతటది తెరుచుకోబోయింది. ఆయన నా వైపు చూశారు. నేను ఆయన కాళ్ల వైపు చూశాను.

నోరు మూసుకుంది.

డైరెక్టరుగారు కాజాని మెల్లిగా నొక్కారు. తర్వాత కొంచెం గట్టిగా నొక్కారు. కాజా మధ్యకి విరిగి, పాకం మా వారి గడ్డం మీద నుంచి శాలువా మీదికి, శాలువా మీద నుంచి డైరెక్టరుగారి చొక్కా చేతిలోకి కారింది. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. ఫ్లాష్ మాత్రం ఈసారి మొదటిసారే వెలిగింది.

మర్నాడు పదిన్నరకి మెమో. "బహిరంగ వేదికపై ఫలమును నిరాకరించి సన్మార్గాహార పథకమునకు భంగము కలిగించినందున, ఇట్టి తప్పటడుగునకు సంజాయిషీ ఇచ్చుకొనవలెను." మా వారు ఈసారి కాగితం చింపలేదు. మొదటిసారే రాసేశారు: "ఆ సమయమున నోరు మూసి ఉండుట వలన."

దాన్ని ఇవ్వడానికి నేనూ వెంట వెళ్లాను. జోగారావుగారు కోపంగా ఉన్నారు.

"ఇది చిన్న లోపం కాదు. దీన్ని మేం ఉపేక్షించం. ఇరవై ఒకటో నియమం అక్షరాలా అమలు చేస్తాం."

"చెయ్యండి," అన్నాను.

"లోపము కనుగొనబడిన నాటి స్థితి యథాతథముగా..." అని మొదలుపెట్టి, ఆయన ఆగిపోయారు.

నేను సుభద్రమ్మగారి రిజిస్టరు నకలు బల్ల మీద పెట్టాను. "ఆనాటి స్థితి ఇదండీ. కొర్రన్నం, కాకరకాయ, మెంతికూర పప్పు, మజ్జిగ. మీ మెమో ప్రకారం, పదకొండు నలభైకి కాజా నిరాకరణ. సాయంత్రం నడక. వేరు సరుకు చేర్చడం నిషిద్ధం కదా."

గదిలో పదకొండుమందీ తలలు దించుకుని వాళ్ల వాళ్ల ఫైళ్లు చూసుకున్నారు. వాళ్ల భుజాలు కదులుతున్నాయి.

"తుది ఉత్తర్వులు ఎప్పటికి రావచ్చండీ?" అని అడిగాను.

"ఇందులో డైరెక్టరుగారి గౌరవం ఇమిడి ఉంది," అన్నారాయన బెదిరిస్తున్నట్టుగా. "ఏళ్లు పట్టవచ్చు."

"తొందర లేదండీ. నిబంధనల ప్రకారమే కానివ్వండి."

అప్పటినుంచీ రోజూ పదకొండు నలభైకి సుభద్రమ్మగారు, రోజుకి మూడు ఫలములన్న ఉత్తర్వు ప్రకారం, మూడు కాజాలు పళ్లెంలో పెట్టి మా వారి ముందు ఉంచుతారు. ఆయన మూడుసార్లు "వద్దండీ" అంటారు. మూడు సంతకాలు పెడతారు. మొదట్లో ఆ మాట బయటికి రావడానికి ఇబ్బంది పడేవారు. ఇప్పుడు అలవాటైంది. ఈ మధ్య కూరలబ్బాయితో కూడా వద్దండీ అంటున్నారు. పోయిన నెల పరీక్షలో నూట ఇరవై ఆరు. చెప్పు జారితే పాదానికి తెలుస్తోంది.

నిరాకరించిన కాజాలు ఏమవుతాయని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఇరవై ఏడో నియమం ఉంది: తిరస్కృత సరుకును విభాగాధిపతి స్వయముగా స్వీకరించి, అదే దినమున ఖాళీ చేయవలెను. సుభద్రమ్మగారు దాన్ని కూడా అక్షరాలా అమలు చేయిస్తున్నారు. బజ్జీ గుమాస్తా కూడా నిరాకరించడం నేర్చుకున్నాడని, లడ్డూలు కూడా పైకే వెళుతున్నాయని విన్నాను.

మొన్న మంగళవారం హైమావతిగారి క్లినిక్కులో మా వారి మందుల చీటీ కోసం కూర్చుంటే పక్క కుర్చీలో జోగారావుగారు. చొక్కా బొత్తాలు బిగిసి ఉన్నాయి. చేతిలో పరీక్ష కాగితం మడిచి పట్టుకున్నారు, అంకె కనిపించకుండా. చాలాసేపు గోడ మీద క్యాలెండరు చూసి, నా వైపు కొద్దిగా వంగి, జన్మలో మొదటిసారి వరస సంఖ్య లేకుండా మాట్లాడారు.

"అమ్మా, ఆ కొర్రలు... ఎంతసేపు నానబెట్టాలి?"

"రాత్రి నానబెట్టి పొద్దున్న వండుకోవాలండీ," అన్నాను. "కానీ మీరు ముందు అర్జీ పెట్టుకోవాలి కదా."